కూర్చుని కొలవాలి

జూన్ 3

అక్కయ్యకి,

ప్రతిదానికీ వాదిస్తానని నువ్వు పేరు పెట్టిన ప్లీడరు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. బావగారి మోకాలు ఎలా ఉంది? ఇన్ని పేజీలు రాసే బదులు ఫోన్ చెయ్యొచ్చు కదా అని నీ మరదలు నవ్వుతోంది. ఫోనులో మనిద్దరం మాట్లాడుకుంటే ఇరుగుపొరుగు వచ్చి విడదీయాల్సి వస్తుందని, అందుకే ఉత్తరాలు రాసుకోమని అమ్మ మనకి పెట్టిన నియమం తనకేం తెలుసు?

షాపు బ్రహ్మాండంగా నడుస్తోంది. బోర్డుకి కొత్త రంగు వేయించాను. నాన్న రాయించిన ‘కళ్ళద్దాలు’ అన్న అక్షరాలు అలాగే ఉంచి, కింద ‘చూపుకి మా పూచీ’ అని చేర్చాను. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చదువుతున్నారు.

అన్నట్టు, మందిరంలో ప్రార్థన చెప్పించే పెద్దాయన పడిపోయారు. ప్రార్థన అయ్యాక బయటికి వస్తూ చివరి మెట్టు తప్పారు. కుడి మణికట్టు విరిగింది. నేను చేసిచ్చిన కొత్త కళ్ళద్దాలు అప్పుడు ఆయన మొహాన ఉన్న మాట నిజమే. అంతమాత్రాన పడిపోవడానికీ కళ్ళద్దాలకీ ముడిపెడితే ఎలా? కాళ్ళకి చెప్పులు కూడా ఉన్నాయి. ఆ చెప్పులు కుట్టినవాడిని ఎవరైనా ఒక్క మాట అడిగారా?

నువ్వు అడగకముందే చెబుతున్నాను. అవి బైఫోకల్ అద్దాలు. పైభాగంలోంచి దూరం, కింది భాగంలోంచి చదువు, మధ్యలో గీత. నాన్న ఈ షాపులో అలాంటివి ఎన్ని చేశాడో నీకు తెలుసు. పెద్దాయన పడ్డాక నేనే వాటిని తెప్పించి పవర్ మళ్ళీ యంత్రం కింద పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. కొత్తగా పెట్టుకున్నవాళ్ళకి మొదట్లో నేల కాస్త తేలినట్టుంటుంది, అలవాటవుతుంది అని చెప్పే ఇచ్చాను. అలవాటు చేసుకోకపోతే నేనేం చెయ్యను? ఆయన మెడ కూడా కొంచెం వంకరగా పెట్టి నడుస్తారు. మందిరం మెట్లు కూడా అరిగిపోయాయి. దీపాలు సరిగ్గా వెలగవు. ఇన్ని కారణాలుండగా నావంక చూడటం ఏం న్యాయం?

ఇప్పుడాయన తన పాత కళ్ళద్దాలకి దారం కట్టుకుని పెట్టుకుంటున్నారు. రోజూ మా షాపు ముందు నుంచే నడక. ఆ దారం కనబడితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మందిరానికి వెళ్ళడం ఈమధ్య కుదరడం లేదు. షాపులో రద్దీ.

నీ తమ్ముడు


జూన్ 11

ఒరేయ్ ప్లీడరూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "ఇంతకీ మనం వేసిన ప్రశ్నేమిటి?" అన్నారాయన. మోకాలు అలాగే ఉంది. నోరు మాత్రం బాగా పనిచేస్తోంది.

నా కుట్టు షాపులో నర్సుల యూనిఫారాల పని నడుస్తోంది. నిన్న మా అమ్మాయిలు ఒక కట్ట కాలర్లన్నీ తిరగేసి కుట్టేశారు. అందరం కూర్చుని విప్పాం. కుట్టడానికి పట్టిన దానికంటే విప్పడానికే ఎక్కువ ఓపిక కావాలి. అయినా విప్పాక బట్ట బట్టలాగే ఉంటుంది, దానికేం కోపం ఉండదు.

నేనూ వాళ్ళతో విప్పుతూ ఉంటే నాకు దారమే కనబడలేదు. అదీ అసలు సంగతి. ఎడమ కంట్లో శుక్లం ముదిరిందట. జులై 14 పొద్దున ఆపరేషన్. భయమేం లేదు. ఈ కంటితో చూడాల్సినవి చాలావరకు చూసేశాను, మిగిలినవి తేటగా చూద్దామని. ఆపరేషన్ అయి కన్ను కుదుటపడ్డాక కళ్ళద్దాలు నువ్వే చెయ్యాలి. ఊళ్ళో ఇంకెవరి దగ్గరికీ నేను పోను.

ఒక్క మాట అడుగుతాను. నాన్న స్టూలు ఏమైంది? అదే, అద్దాల బల్ల పక్కన ఉండే పొట్టి స్టూలు. ఉందా?

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క


జూన్ 17

అక్కయ్యకి,

ఆపరేషన్ మాట చదివి గాభరా పడ్డాను. ఈ రోజుల్లో అది పెద్ద విషయమే కాదని నా దగ్గరికి వచ్చేవాళ్ళకి రోజూ చెప్పేది నేనే, అయినా అక్క అనేసరికి వేరేగా ఉంది. ఏం ఫరవాలేదు. కళ్ళద్దాలు నా బాధ్యత.

ఇక రెండో సంగతి. నీకు మొత్తం కథ ఎవరు మోశారో నాకు అర్థమైంది. నీ మరదలే. తనేనని తేలిపోయింది. నిన్న పొద్దున గట్టిగా అడిగాను, "మా అక్కకి నామీద చాడీలు రాస్తున్నావా?" అని. తను పెన్ను పట్టుకుని ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకుంటూ నవ్వింది. నవ్వితే తప్పు తీరిపోతుందా? లేకపోతే ఆ పెద్దాయనే నీకు కబురు పెట్టి ఉండాలి. పైకి సాధువులా ఉంటారు గానీ దారం కట్టుకు తిరిగేవాడికి ఏదైనా సాధ్యమే.

మూడోది, స్టూలు. అక్కయ్యా, నాన్న పోయాక పంపకాలప్పుడు నీకేం కావాలో తీసుకోమంటే నాన్న కత్తెర చాలన్నావు. ఇన్నేళ్ళకి స్టూలు గుర్తొచ్చిందా? వాటా అని నోరు తెరిచి అడగలేక "ఉందా?" అని అడిగావు. నేనంత అర్థం చేసుకోలేనివాడినా? ఉంది. దానిమీద మొక్క కుండీ పెట్టుకున్నాం. కుండీ దించి, శుభ్రంగా తుడిచి, ఈరోజే పార్సెల్ చేశాను. అందగానే రాయి. నా దగ్గర నీది ఏదీ ఉండకూడదు.

మందిరం గురించి నిజం చెప్పాలంటే, రద్దీ ఒక్కటే కారణం కాదు. ప్రార్థన మొదట్లో అందరం కలిసి ‘తప్పు నాది, దయ నీది’ అంటామా, పోయిన నెలలో ఆ మాట దగ్గర పెద్దాయన కాస్త ఆగారు. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని మరీ ఆగారు. నన్ను ఉద్దేశించే ఆగారని నాకు తెలుసు. చెయ్యని తప్పుని నాది అని నలుగురిలో నేనెందుకు అనాలి? అది దేవుడి ముందు అబద్ధమాడటం కాదా? అందుకని ఇంట్లోనే చేసుకుంటున్నాను. మొదటి మాట వదిలేసి మిగతాదంతా చెబుతాను. లోటేమీ లేదు.

నీ తమ్ముడు


జూన్ 26

తమ్ముడూ,

స్టూలు వచ్చింది. పార్సెల్ విప్పి చూసి మొదట నవ్వాను, తరవాత దానిమీద కూర్చుని కాస్త ఏడ్చాను. నీకిది వాటా గొడవలా కనిపించిందా? ఎంత పని చేశావురా!

ముందు మరదలి సంగతి. పాపం తననీ పెద్దాయన్నీ అనవసరంగా ఆడిపోసుకోకు. వాళ్ళెవరూ నాకేమీ చెప్పలేదు. చెప్పింది నువ్వే. నేనేమీ అడగకుండానే పెద్దాయన మెడ, మందిరం మెట్లు, దీపాలు, చెప్పులు కుట్టినవాడు, అందరినీ బోనెక్కించి రాశావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నీ ఉత్తరం. ఇక్కడ గుమ్మడికాయ అన్నవాళ్ళు కూడా లేరు.

ఇప్పుడు స్టూలు ఎందుకడిగానో విను. బడి నుంచి రాగానే మనిద్దరం ఆ షాపులో నేలమీద కూర్చుని ఆడుకునేవాళ్ళం, గుర్తుందా? బైఫోకల్ కోసం ఎవరొచ్చినా నాన్న ఆ స్టూలు ఎదురుగా లాక్కుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ళ కళ్ళూ నాన్న కళ్ళూ ఒక్క ఎత్తులో ఉండాలి. అప్పుడే గీత ఎక్కడ పడాలో పెన్నుతో గుర్తు పెట్టేవాడు. "నిలబడి కొలిస్తే వాళ్ళు నీ మొహంకేసి తలెత్తి చూస్తారు, గీత పైకి పోతుంది. కూర్చుని కొలవాలి" అని నీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాడు? గీత పైకి పోతే కింద చూపు పెట్టినచోటల్లా చదువు అద్దమే అడ్డొస్తుంది. మెట్టు మసకేస్తుంది.

నువ్వు పవర్ చూశానంటున్నావు. పవర్ సంగతి ఎవరడిగారు? సరిగ్గా ఉన్నదాన్నే పదిసార్లు చూసుకుంటే ఏం లాభం? పెద్దాయన్ని కొలిచేటప్పుడు కూర్చున్నావా, నిలబడ్డావా? నాకు జవాబు రాయక్కర్లేదు. నీకు నువ్వు చెప్పుకో.

ఇక ప్రార్థన. ‘తప్పు నాది’ తీసేసి ‘దయ నీది’ మాత్రం అంటున్నావా? ఏ తప్పూ లేనివాడికి దయతో ఏం పని నాయనా? చిన్నప్పుడు అమ్మ మనిద్దరికీ పంచింది ఆ మాటల్ని. నువ్వు ‘తప్పు నాది’ అంటే నేను ‘దయ నీది’ అనాలి. "ఎప్పుడూ నాకే తప్పా?" అని నువ్వు పోట్లాడేవాడివి. "ముందు మాట అనేవాడి గొంతే ఆయనకి ముందు వినపడుతుంది" అని అమ్మ అంటే పొంగిపోయి అరిచి మరీ చెప్పేవాడివి.

ఆపరేషన్ రోజు పొద్దున నన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నా వంతు నేనంటాను. నువ్వు అక్కడి నుంచే నీ వంతు అను. అది తప్ప నాకేమీ వద్దు. పండ్లూ పూలూ పంపకు.

మీ అక్క


జులై 1

అక్కయ్యకి,

నిలబడే కొలిచాను. అయితే?

ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాడికి స్టూలు కావాలా? చెయ్యి తిరిగిన దర్జీవి, నువ్వు ప్రతి జాకెట్టుకీ టేపు పెడతావా, చూసి చెప్పవూ? ఆయన తలెత్తి చూశారో లేదో నువ్వు చూశావా? తలెత్తితే ఆ తప్పు తలెత్తినవాళ్ళది. చూపుకి పూచీ అని బోర్డు మీద రాసుకున్నవాడు ఒకసారి ‘నాది తప్పు’ అన్నాడంటే రేపటి నుంచి ఒక్కొక్కడూ పాత కళ్ళద్దాలు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. ఆ మాత్రం నీకు తెలియదా?

ప్రార్థన గురించి నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. దేవుడికి అన్నీ తెలుసంటారు. అయితే నా తప్పు లేదనీ ఆయనకి తెలిసి ఉండాలి. తెలిసి కూడా నా నోటితో ఆ మాట అనిపించుకోవాలని చూస్తే, ఆయనతో నాకు పని లేదు. పొద్దున షాపు తెరిచేముందు నాన్నలాగా తాళంచెవి పట్టుకుని ఒక్క నిమిషం నిలబడేవాడిని కదా, అదీ మానేశాను. మానేసిన కొత్తలో కాస్త వెలితిగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

నీ మరదలు ఒక్కతే మందిరానికి వెళ్ళి వస్తోంది. వెళ్ళనీ. నేనెవరినీ ఆపను.

నీ ఆపరేషన్ బాగా జరుగుతుంది. మంచి డాక్టర్లు ఉన్నారు. దానికీ నా వంతుకీ సంబంధం పెట్టకు.

తమ్ముడు


జులై 6

తమ్ముడూ,

నీ వాదన నేను ఓడించలేను. అమ్మవల్లే కాలేదు. నువ్వు ఒక్కొక్కరిమీదా గెలుస్తూ వచ్చావు. పెద్దాయన మీద, మరదలి మీద, నామీద, ఇప్పుడు దేవుడి మీద కూడా గెలిచావు. గెలిచినవాడివి ఒక్కడివే కూర్చున్నావు ఆ షాపులో.

‘అలవాటైపోయింది’ అని రాశావు. ఆ మాట నీ ఉత్తరంలో చదివి నాకు భయం వేసింది. పెద్దాయనకీ నువ్వు అదే చెప్పావు. అద్దం తేడాగా ఉన్నా, నేల తేలుతున్నా, నువ్వన్నావని నమ్మి అలవాటు చేసుకోబోయి ఆయన మెట్టు తప్పారు. ఇప్పుడు దేవుడు లేని పొద్దులకి నువ్వే అలవాటు పడుతున్నావు. ఏ మెట్టు దగ్గర తప్పుతావో నాకు తెలియదు. పట్టుకోవడానికి నేను పక్కన లేను.

నీవల్ల తప్పు జరిగిందని కాదురా నా బాధ. నేను విప్పిన కుట్లన్నీ పేరిస్తే ఊరు చుట్టి రావచ్చు. తప్పు చేసినవాడితో దేవుడికి ఎప్పుడూ పని ఉంటుంది. తప్పే లేదన్నవాడికి ఆయన ఏమివ్వగలడు?

14న నా వంతు నేనంటాను. దానికి ముందు నీ మాట లేకపోతే, లేదు. ఆ ఖాళీతోనే లోపలికి వెళతాను. నీ చేత బలవంతంగా అనిపించను.

కళ్ళద్దాలు మాత్రం నువ్వే చెయ్యాలి. ఆ మాట మీద ఉన్నాను.

అక్క


జులై 15

అక్కా,

నిన్న మధ్యాహ్నం బావగారు నీ మరదలికి ఫోన్ చేసి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పారట. ఆ మాట విని షాపు మూసేసి ఇంటికి వచ్చాను. ఉత్తరం మాత్రం ఈరోజు రాస్తున్నాను.

నిన్న పొద్దున తాళంచెవి పట్టుకుని షాపు గుమ్మంలో నిలబడ్డాను. నా కోసం కాదు, అక్క కోసమే కదా అని సర్దిచెప్పుకున్నాను. ‘దయ నీది’ అని మొదలుపెట్టబోయాను. అది నీ వంతు. నా వంతు గొంతులోంచి రాలేదు. సరే, వేరే మాటలతో అడుగుదామని ‘మా అక్క మంచిది, ఎవరికీ అన్యాయం చేయలేదు, నేనూ చేయలేదు’ అని మొదలుపెట్టాను. కోర్టులో అర్జీ చదివినట్టుంది అక్కా. వినేవాళ్ళు ఎవరూ లేని కోర్టు. అలవాటైపోయిందనుకున్నాను గానీ, నీ కన్ను వాళ్ళ చేతిలో ఉన్న పూట అడగడానికి నాకు ఎవరూ లేరు. ఆ గుమ్మంలోనే నాకు భయం వేసింది. ఎన్నడూ అంత భయపడలేదు.

అప్పుడే పెద్దాయన దారం కట్టిన కళ్ళద్దాలతో వెళుతున్నారు. నేను కొలిచే బద్దా, పెన్నూ జేబులో పెట్టుకుని వెనకే వెళ్ళాను. దారిపొడుగునా ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. ‘ఊరికే ఒకసారి చూసి పోదామని వచ్చాను’ అనాలి, అంతకుమించి ఒక్క ముక్క అనకూడదు అని.

వాళ్ళ ముందుగది నీకు తెలుసు కదా, ఒక్క కుర్చీ, ఒక అలమర. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. వద్దని ఆయన్నే కూర్చోబెట్టాను. నేను చేసిన కళ్ళద్దాలు మెత్తటి గుడ్డలో చుట్టి అలమరలో పెట్టుకున్నారు. "ఇంత జాగ్రత్తగా దాచారు, పెట్టుకోరేం?" అన్నాను. నా గొంతులో ఇంకా పౌరుషం ఉంది.

"రోజూ కాసేపు ఇంట్లో పెట్టుకుంటున్నాను బాబూ. అలవాటవుతుందన్నావు కదా. నాకే అవడం లేదు. మీ నాన్న చేసినప్పుడు ఇట్టే కుదిరేవి, ముసలితనం వచ్చి నా కళ్ళే చెడిపోయాయి కాబోలు. తప్పు నాదే కదా అని నీకు చెప్పలేదు. నువ్వు నొచ్చుకుంటావని" అన్నారు.

అక్కా, నేను అనాల్సిన మాట ఇన్నాళ్ళూ నా బదులు ఆయన అంటూ కూర్చున్నారు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

కళ్ళద్దాలు ఆయన మొహాన పెట్టాను. నిలబడి చూస్తే గీత సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఎంత అందంగా కుదిరిందో! ఆయన నా మొహంకేసి తలెత్తి చూస్తున్నారు. కూర్చుని చూద్దామంటే ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు. స్టూలేమో నీకు పార్సెల్ చేశాను. ఇక చేసేదేముంది, మోకాళ్ళ మీద కూర్చున్నాను.

ఆయన తల దించి నేరుగా నా కళ్ళలోకి చూశారు. గీత వచ్చి నల్లగుడ్డుకి అడ్డంగా నిలబడింది.

కారణాలు చెబుదామని నోరు తెరిచాను. ఆ రోజు షాపులో రద్దీగా ఉందని. లేదక్కా, రద్దీ లేదు. నాకు వంగాలనిపించలేదు, అంతే. ఆ కారణం బదులు ‘తప్పు నాది’ అని వచ్చింది నోట్లోంచి. ఆయనతో అన్నానో, పైనున్నాయనతో అన్నానో ఇప్పటికీ తెలియదు. అన్నాక ఆపుకోలేకపోయాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఏళ్ళ తరబడి ప్రార్థన చెప్పించిన నోరు కదా, ఆయన వెంటనే "దయ నీది" అనేశారు. నీ వంతు ఆయన తీసుకున్నారు, ఏమనుకోకు. తరవాత ఎడమ చేత్తో నా భుజం పట్టుకుని, "ఏడవచ్చు గానీ, చెయ్యి కదలనివ్వకు బాబూ. ఈసారి గీత సరిగ్గా పడాలి" అన్నారు.

గీత పెట్టాను. కొత్త అద్దాలు చేస్తున్నాను.

అప్పటికి నువ్వు లోపల ఉన్నావో, బయటికి వచ్చేశావో నాకు తెలియదు. ఆలస్యమైతే నన్ను మన్నించు.

ఈ పొద్దున తాళంచెవి పట్టుకుని మళ్ళీ నిలబడ్డాను. మొదటి మాట నుంచి మొదలుపెట్టాను. వినేవాళ్ళున్నారక్కా.

నీ మరదలికీ క్షమాపణ చెప్పాను. తను ఇంకా నవ్వుతూనే ఉంది. బోర్డు మీద నేను చేర్చిన వాక్యం చెరిపేయమని రంగులవాడికి కబురు పెట్టాను.

నీ తమ్ముడు


జులై 27

తమ్ముడూ,

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. ఒక కంటికి ఇంకా పచ్చ అద్దం ఉంది. డాక్టరు వద్దన్నా రాస్తున్నాను. మీ బావ పక్కన కూర్చుని కాగితం మీద గీతలు చూపిస్తున్నారు.

ఆ రోజు నన్ను లోపలికి తీసుకెళుతుంటే నా వంతు అందామనుకున్నాను. ముందు నీ మాట లేకుండా అది నోటికి రాలేదురా. అందుకని నీ వంతూ నేనే అన్నాను. అన్నాక అనిపించింది, అది నీ ఒక్కడి మాటే అని ఇన్నేళ్ళు ఎలా అనుకున్నానా అని. నీకు ఉత్తరాలు రాసేటప్పుడు నేనూ కొంచెం గెలవాలనే రాశాను. ‘గుమ్మడికాయ’ మాట రాశాక మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను.

కన్ను బాగుంది. నిన్న కిటికీలోంచి చూస్తే ఎదురింటి మేడ మీద ఆరేసిన తెల్లచీర నిజంగా తెల్లగా ఉంది. ఇన్నాళ్ళూ అది మాసిందని ఆవిణ్ణి మనసులో ఎన్ని తిట్టుకున్నానో!

పెద్దాయన కొత్త కళ్ళద్దాలతో మెట్లు దిగారా? రాయి.

వచ్చే నెల నాకు కొలతలు తీసుకోవాలట. నువ్వే రావాలి. మరదలిని కూడా తీసుకురా. నాన్న స్టూలు తిరిగి ఇస్తాననుకోకు. పంపినది పంపావు, ఇక అది నాది. నా కొలత తీసుకునే రోజు దానిమీద నేను కూర్చుంటాను.

నువ్వు కింద కూర్చుని కొలువు.

మీ అక్క